ఏ వాల్వు ఎటు తిప్పాల్నో

నూట పద్నాలుగు ఇండ్లు నా చేతుల ఉన్నయి,
ఒక్కటి నాది గాదు.
నయీంనగర్ల మూడంతస్తులది డాక్టరమ్మది,
కాజీపేటల ఆరు అర్రలు రిటైరైన గార్డువి,
బాలసముద్రం హాస్టలు ఓనరును నేను సూడనే లేదు,
ఫోన్ల గొంతు మాత్రం ఇరవై ఏండ్ల సంది ఎరుకే.
నేను గూడ కిరాయికే ఉంట.
ఐదో తారీఖు దాటితే నాకూ దడే.

మా నాయిన మిల్లుల సాంచె నడిపిండు.
మిల్లు మూతవడ్డనాడు
క్వార్టరు తాళంచెయ్యి ఆఫీసుల అప్పజెప్పి
రసీదు అడిగిండు.
రసీదు లేదు గిసీదు లేదు పో అన్నరు.
ఇంటికొచ్చినంక (ఇల్లంటే ఇగ మా మేనత్తదే)
మాటిమాటికి జేబుల చెయ్యి వెట్టి
లేని తాళంచెయ్యి దేవులాడేటోడు.
నాకప్పుడు పంతొమ్మిది.
తాళంచెయ్యికి రసీదు:
నా దందాల నేను అచ్చేయించిన మొదటి కాయిదం గదే.

బోర్డు మీద "బైరి అండ్ సన్స్" అని రాయించిన,
పెండ్లి గూడ కాకముందు.
కొడుకులు కాలే, బిడ్డలు కాలే.
ఎండకు "సన్స్" అన్నదే మొదలు వెలిసింది.

నల్ల అట్ట బుక్కు ఒకటున్నది.
అండ్ల పైసల లెక్కలు తక్కువ.
కిషన్‌పుర బి బ్లాకు: గేటువాల్వు ఎడమకు తిప్పాలె,
కుడికి తిప్పితే విరుగుతది.
గుట్ట కింది ఇల్లు: ఆషాఢంల కట్లపాము వస్తది,
మోటరు డబ్బ చేతితోని తెరవొద్దు.
రెండో అంతస్తు నర్సమ్మ రాత్రి డ్యూటీ,
పగటీలి బెల్లు కొట్టొద్దు.
ఎంజీఎం ఎనుక అర్ర: పేషంటు ఎంబడొచ్చినోళ్లకు.
అడ్వాన్సు అడగొద్దు.
పేషంటు పోతే
ఆ దినం కిరాయి రాయొద్దు.

ఇది నాలుగో బుక్కు. మూడోది వరదల తడిసింది.
నాలా తెగి గల్లీలు వాగులైన రాత్రి
కరెంటు యాకయ్య నడుముల్లోతు నీళ్లల్ల,
నేను మిద్దె మీద టార్చి వట్టుకొని
ఏ ఇంటి మెయిను ఏ గోడకున్నదో
చదివి ఒర్రుతాన,
ఆయన ఒక్కొక్కటి బందు జేస్తాండు.
తెల్లారేసరికి అక్షరాలు నీలంగ కారినయి,
ఒక్క మనిషికి షాకు గొట్టలే.
యాకయ్య బిడ్డ నవత, అప్పుడు తొమ్మిదో తరగతి,
తడిసిన పేజీలు ఇస్త్రీపెట్టె కింద ఆరవెట్టి
కొత్త బుక్కుల ఎక్కించింది.
రాసుకుంట రాసుకుంట అడిగింది:
"సార్, గీ ముసలాయినకు చెవులు ఇనవడయని రాసిండ్రు,
ఇప్పుడు మిషను వెట్టుకున్నడు గద?"

మొన్న హైదరాబాదు కంపెనోళ్లు వచ్చిండ్రు,
ఇద్దరు పోరగాండ్లు, మెడల కార్డులు.
యూనిట్లెన్ని, మార్జినెంత,
మీ పేరు గట్లనే ఉంచుతం సార్, పెద్ద బోర్డు, లైట్ల తోటి.
చెప్పిన పైకం తక్కువ గాదు.
నా మోకాళ్లు రెండు మారంగ ఇంకా మిగులుతది.
లైట్ల బోర్డు మీద పేరంటే
నాకూ ఆశనే, అబద్ధమెందుకు.
బుక్కు సూపెట్టిన.
నాలుగు పేజీలు తిప్పి ఒగడు నవ్విండు,
"ఇది డేటా గాదు సార్."
చాయ్ తాగి పోయిండ్రు. జవాబు సోమారం చెప్త అన్న.

సోమారానికి ఇంకా రెండు దినాలున్నది.
నిన్న రాత్రి రెండింటికి ఫోను,
బి బ్లాకుల నీళ్లు మెట్ల మీది నుంచి దుంకుతానయట.
చెప్పులు దొరికేలోపట ఇంకో ఫోను:
"నేను ఈడనే ఉన్న, బందయింది, పండుకోండ్రి.
ఇంకో ముచ్చట సార్,
వాల్వు మొన్ననే మార్చిండ్రు, ఇది కుడికి తిరుగుతది.
మీరు రాసింది కొట్టేసి దిద్దిన."

చీకట్ల మంచం మీద కూసున్న.
అలవాటు కొద్ది చెయ్యి జేబులకు వోయింది.
గుత్తి లేదు.
మాపటీలి నవతకే ఇచ్చిన, యాదికొచ్చింది.
రసీదు తీసుకునుడు
మర్చేపోయిన.